క్లాస్ నుంచి పుట్టే ఆబ్జెక్టుల సంఖ్యకు హద్దు: పద్ధతులు, పరిమితులు

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో క్లాస్ అంటే ఒక రకపు వస్తువులన్నింటికీ వర్తించే నిర్వచనం. ఆ నిర్వచనం ప్రకారం మెమరీలో ఏర్పడే ఒక్కొక్క వస్తువును ఆబ్జెక్ట్ అనీ, ఆ క్లాస్‌కు ఇన్‌స్టాన్స్ అనీ వ్యవహరిస్తారు. క్లాస్ ఒకసారి రాసిపెడితే దాని కన్‌స్ట్రక్టర్‌ను, అంటే ఆబ్జెక్ట్‌కు తొలి విలువలు అమర్చే ఫంక్షన్‌ను, ఎన్నిసార్లు పిలిస్తే అన్ని ఆబ్జెక్టులు పుడతాయి. క్లాస్‌ల ప్రయోజనం చాలావరకు ఈ స్వేచ్ఛలోనే ఉంది. అయితే కొన్ని సందర్భాల్లో ఈ స్వేచ్ఛను అదుపు చేయవలసి వస్తుంది: ఒక్క ఆబ్జెక్టే ఉండాలనో, పదికి మించకూడదనో, ఒక్కో పేరుకు ఒక్కొక్కటే ఉండాలనో, అసలు ఒక్కటి కూడా పుట్టకూడదనో ప్రోగ్రామర్లు కోరుకుంటారు. జావాలోని మాథ్ క్లాస్ చివరి కోవకు చెందినది; అందులో ఉన్నవన్నీ ఏ ఒక్క ఆబ్జెక్ట్‌కూ చెందక క్లాస్ మొత్తానికీ చెందిన స్టాటిక్ సభ్యాలే గనుక దాని కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్‌గా ఉంచి ఆబ్జెక్ట్ పుట్టే దారినే మూసేశారు.

హద్దు పెట్టడానికి కారణాలు మూడు రకాలు. ప్రోగ్రామ్ బయట ఉన్న వస్తువే ఒక్కటైనప్పుడు, ఉదాహరణకు ఒక చిప్‌లోని టైమర్‌కో కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటర్‌కో ప్రతినిధిగా ఉండే ఆబ్జెక్టులు రెండైతే, అవి ఒకదాని పని ఒకటి చెడగొడతాయి. విలువకు ఉన్న గుర్తింపే ముఖ్యమైనప్పుడు, అంటే నిజం, అబద్ధం, వారంలోని రోజులు వంటి వాటిలో, ఒకే విలువకు రెండు ఆబ్జెక్టులు ఉంటే పోలికలు తప్పుతాయి. డేటాబేస్ కనెక్షన్ వంటి ఖరీదైన వనరుల విషయంలో ఎన్నైనా ఉండవచ్చుగాని వ్యవస్థ మోయగలిగినన్నే ఉండాలి. ఈ మూడు అవసరాలూ వేరువేరు అయినా పాఠ్యపుస్తకాలు చాలావరకు వాటన్నింటికీ ఒకే మందు, సింగిల్టన్ ప్యాటర్న్, సూచించడంతో అసలు ప్రశ్నలు మూడు మరుగున పడ్డాయి: లెక్క ఎవరు పెట్టాలి, లెక్కించేది పుట్టినవాటినా బతికున్నవాటినా, ఆ లెక్క ఏ పరిధిలో చెల్లుతుంది. ఈ రంగంలో ముప్ఫై ఏళ్లకు పైగా జరిగిన చర్చను ఈ మూడు ప్రశ్నల వెలుగులో చదివినప్పుడే అందులోని వాదాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుస్తుంది.

క్లాస్, ఆబ్జెక్ట్ అనే భావనలు ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాషతో వచ్చాయి. నౌకలు, వాహనాలు, ఖాతాదారులు వంటి అనేక వస్తువుల ప్రవర్తనను కంప్యూటర్‌లో అనుకరించడం ఆ భాష లక్ష్యం కాబట్టి ఎన్ని ఆబ్జెక్టులైనా పుట్టించగలగడమే అక్కడి అవసరం. హద్దు ప్రస్తావన రావడానికి కారణమే లేదు. ఆ తరువాత జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపుదిద్దుకున్న స్మాల్‌టాక్‌లో సమస్తమూ ఆబ్జెక్టే కావడంతో నిజం, అబద్ధం, శూన్యం కూడా ఆబ్జెక్టులయ్యాయి. ట్రూ అనే క్లాస్‌కు ఒక్క ఆబ్జెక్ట్, ఫాల్స్ అనే క్లాస్‌కు ఒక్క ఆబ్జెక్ట్, నిల్ అనే విలువ అన్‌డిఫైన్డ్ ఆబ్జెక్ట్ అనే క్లాస్‌కు ఏకైక ఆబ్జెక్ట్. ఏకైక ఆబ్జెక్టులు సింగిల్టన్ అనే పేరు ప్రచారంలోకి రాకముందే భాష పునాదిలో ఉన్నాయన్నమాట. బెర్ట్రాండ్ మేయర్ రూపొందించిన ఐఫెల్ భాష ఇంకో దారి పట్టింది: అక్కడ ఒక ఫంక్షన్‌ను ‘వన్స్’ అని ప్రకటిస్తే దాని లోపలి పని మొదటి పిలుపులో ఒక్కసారే జరిగి, తరువాతి పిలుపులన్నింటికీ అదే ఫలితం తిరిగి వస్తుంది. హద్దును క్లాస్ మీద కాక ఆబ్జెక్ట్‌ను అందించే ఫంక్షన్ మీద పెట్టిన ఈ పద్ధతిలో క్లాస్ మామూలు క్లాస్‌గానే మిగిలిపోతుంది. ఈ ఆలోచనకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

సింగిల్టన్ అనే పేరును ప్రోగ్రామర్లందరి నోటా పలికించినది ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిస్సిడెస్ 1994లో వెలువరించిన డిజైన్ ప్యాటర్న్స్ గ్రంథం. అందులోని 23 ప్యాటర్న్‌లలో ఆబ్జెక్టుల సృష్టికి సంబంధించినవి అయిదు. వాటిలో సింగిల్టన్ ఒకటి. కన్‌స్ట్రక్టర్‌ను బయటివారికి అందకుండా దాచి, క్లాస్‌లోనే ఒక స్టాటిక్ ఫంక్షన్ పెట్టి, మొదటిసారి పిలిచినప్పుడు ఆబ్జెక్ట్ పుట్టించి, ఆ తరువాత అడిగిన ప్రతిసారీ దాన్నే ఇవ్వడం దాని సారాంశం. ఈ ప్యాటర్న్ వల్ల కలిగే లాభాల్లో ఒకటిగా, అవసరమైతే ఆబ్జెక్టుల సంఖ్యను ఒకటి నుంచి ఎక్కువకు పెంచుకోవచ్చునని ఆ గ్రంథకర్తలే చెప్పారు. పాఠకులు మాత్రం ‘ఒకటి’ దగ్గరే ఆగిపోయారు. పెద్ద ప్రశ్నలో ఒక చిన్న సందర్భం అయిన సింగిల్టన్ ఆ ప్రశ్న మొత్తంగా చెలామణీ అయింది.

సంఖ్యను సాధారణ సమస్యగా తీసుకుని శ్రద్ధగా విచారించిన రచన స్కాట్ మేయర్స్ 1996లో ప్రచురించిన మోర్ ఎఫెక్టివ్ సీ ప్లస్ ప్లస్. అందులోని 26వ అంశం పూర్తిగా ఈ విషయానికే కేటాయించినది, ఉదాహరణ ప్రింటర్. ఏకైక ఆబ్జెక్ట్‌ను క్లాస్‌లోని స్టాటిక్ సభ్యంగా ఉంచడమా, ఫంక్షన్ లోపలి స్టాటిక్‌గా ఉంచడమా అన్నది అక్కడ మొదట ఎదురయ్యే ప్రశ్న. క్లాస్‌లో ఉంచితే ఎవరూ వాడకపోయినా ఆబ్జెక్ట్ పుడుతుంది. పైగా వేరువేరు ఫైళ్లలోని స్టాటిక్ ఆబ్జెక్టులు ఏ క్రమంలో పుడతాయో సీ ప్లస్ ప్లస్ హామీ ఇవ్వదు కనుక ఇంకా పుట్టని ప్రింటర్‌ను మరొకటి వాడే ప్రమాదం ఉంది. ఫంక్షన్ లోపల ఉంచితే ఆ ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడే ఆబ్జెక్ట్ పుడుతుంది.

ఒకటికి మించిన సంఖ్య అనుమతించాలంటే తోచే తొలి ఉపాయం కన్‌స్ట్రక్టర్‌లో లెక్క పెంచి, ఆబ్జెక్ట్ నశించేటప్పుడు పనిచేసే డిస్ట్రక్టర్‌లో లెక్క తగ్గించడం. పైకి సులువుగా కనిపించే ఈ ఉపాయంలోని లోపాలు దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తాయి. ప్రింటర్ క్లాస్ నుంచి కలర్ ప్రింటర్ అనే క్లాస్‌ను వారసత్వంగా తీసుకుంటే, ప్రతి కలర్ ప్రింటర్‌లోనూ ఒక ప్రింటర్ భాగం ఉంటుంది కాబట్టి, ఒక మామూలు ప్రింటర్, ఒక కలర్ ప్రింటర్ కలిసి రెండుగా లెక్కకు వచ్చి, ఒకటే ఉండాలన్న హద్దు దాటినట్టవుతుంది. కాపీ, ప్రింట్, ఫ్యాక్స్ పనులన్నీ చేసే యంత్రానికి రాసిన క్లాస్‌లో ప్రింటర్‌ను ఒక భాగంగా పెట్టుకున్నా ఇదే ఇబ్బంది. విడిగా ఉన్న ఆబ్జెక్ట్, మరో ఆబ్జెక్ట్‌కు పునాదిగా ఉన్న ఆబ్జెక్ట్, మరోదానిలో ఇమిడి ఉన్న ఆబ్జెక్ట్, ఈ మూడింటిలో దేనికి హద్దు పెడుతున్నామో లెక్క పెట్టే కోడ్‌కు తెలియదు. కాపీ సంగతి ఇంకా సూక్ష్మమైనది. ప్రోగ్రామర్ రాయకపోతే కంపైలర్ తనంతట తానే సమకూర్చే కాపీ కన్‌స్ట్రక్టర్ లెక్క పెంచదు. అలా పుట్టిన నకలు నశించేటప్పుడు మాత్రం డిస్ట్రక్టర్ లెక్క తగ్గిస్తుంది. దాంతో సంఖ్య అసలు కన్నా తక్కువకు జారి, ఆపైన ఎన్ని ఆబ్జెక్టులు పుట్టినా హద్దు అడ్డు చెప్పదు. కన్‌స్ట్రక్టర్‌లో లెక్క పెంచాక, అది పూర్తికాకముందే పొరపాటు సంభవించి ఎక్సెప్షన్ వెలువడితే ఇందుకు సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది: పూర్తిగా పుట్టని ఆబ్జెక్ట్‌కు డిస్ట్రక్టర్ పనిచేయదు కాబట్టి పెరిగిన లెక్క అలాగే నిలిచిపోయి ఒక స్థానం శాశ్వతంగా వృథా అవుతుంది.

వీటికి మేయర్స్ చూపిన పరిష్కారం లెక్క పెట్టే బాధ్యతను క్లాస్ నుంచి తీసి కౌంటెడ్ అనే వేరే టెంప్లేట్ బేస్ క్లాస్‌కు అప్పగించడం. టెంప్లేట్ అంటే ఏ రకానికైనా అచ్చుపోసుకోగల క్లాస్ నమూనా. హద్దు కావలసిన క్లాస్ తన పేరునే ఆ టెంప్లేట్‌కు ఇచ్చి దాన్నుంచి ప్రైవేట్‌గా వారసత్వం తీసుకుంటుంది కాబట్టి, ప్రింటర్ల లెక్క ప్రింటర్లకు, ఫైళ్ల లెక్క ఫైళ్లకు వేరుగా నిలుస్తుంది. కాపీ కన్‌స్ట్రక్టర్ కూడా అక్కడే లెక్క పెంచుతుంది. వారసత్వం తీసుకున్న క్లాస్ కన్‌స్ట్రక్టర్ మధ్యలో విఫలమైనా అప్పటికే పూర్తయిన బేస్ భాగపు డిస్ట్రక్టర్ తప్పక పనిచేస్తుంది కాబట్టి లెక్క కూడా సరిపోతుంది. లెక్క పెట్టడం ఒక పని, హద్దు పడవలసిన క్లాస్ చేసేది మరో పని అని విడదీయడంలో ఈ పరిష్కారపు విలువ ఉంది.

అయితే ఈ నిర్మాణమంతా సీ ప్లస్ ప్లస్‌లో ఆబ్జెక్ట్ ఎప్పుడు నశిస్తుందో కచ్చితంగా తెలియడం మీద ఆధారపడింది. జావా, సీ షార్ప్ వంటి భాషల్లో ఎవరూ వాడని ఆబ్జెక్టులను గార్బేజ్ కలెక్టర్ తనకు వీలైనప్పుడు ఏరివేస్తుంది. ఆ ‘వీలైనప్పుడు’ ఎప్పుడో, అసలు వస్తుందో రాదో చెప్పలేము. జావాలో ఆబ్జెక్ట్ నశించే ముందు పనిచేయవలసిన ఫైనలైజర్‌లో లెక్క తగ్గించే ప్రయత్నాలు ఈ కారణంగానే నమ్మదగినవి కాలేదు; ఫైనలైజర్‌లను జావా 9లో నిరుత్సాహపరిచి, 2022లో వచ్చిన జావా 18లో తొలగింపు జాబితాలో చేర్చారు. అందువల్ల బతికున్న ఆబ్జెక్టుల మీద హద్దు కావాలంటే ఈ భాషల్లో ఆబ్జెక్ట్‌ను వాడినవారే స్పష్టంగా మూసివేయాలి. 2011లో జావా 7 తెచ్చిన ట్రై విత్ రిసోర్సెస్ నిర్మాణం ఆ మూసివేతను మరచిపోకుండా చేస్తుంది. పుట్టినవాటిని లెక్కించడం ఏ భాషలోనైనా సులువే. బతికున్నవాటిని లెక్కించాలంటే చావును నమోదుచేసే ఏర్పాటు ఉండాలి. ఈ తేడాను గుర్తించకుండా ఒక భాషలోని పరిష్కారాన్ని మరో భాషలోకి యథాతథంగా తెచ్చుకోవడం ఈ రంగంలో పదేపదే జరిగిన పొరపాటు.

థ్రెడ్‌ల ప్రవేశంతో సమస్య మరింత క్లిష్టమైంది. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో సాగే పనుల వరుసల్లో ఒకటి. రెండు థ్రెడ్‌లు ఒకేసారి ‘ఇంకా పుట్టలేదు’ అని గమనించి చెరొక ఆబ్జెక్ట్ పుట్టిస్తే సింగిల్టన్ రెండవుతుంది. ఒక్కరినే లోపలికి అనుమతించే లాక్ పెడితే సమస్య తీరుతుందిగాని, ఆబ్జెక్ట్ పుట్టిన తరువాత కూడా ప్రతి పిలుపూ ఆ లాక్ ఖరీదు చెల్లించాలి. ఆ ఖరీదు తప్పించడానికి డగ్లస్ ష్మిడ్, టిమ్ హారిసన్ 1990ల మధ్యలో డబుల్ చెక్డ్ లాకింగ్ అనే ప్యాటర్న్‌ను ప్రతిపాదించారు: ముందు లాక్ లేకుండా చూడాలి, ఆబ్జెక్ట్ లేకపోతేనే లాక్ వేయాలి, లోపల మళ్లీ ఒకసారి చూసి పుట్టించాలి. చదివినవారికి తర్కంలో ఎక్కడా లోపం కనిపించదు.

లోపం తర్కంలో లేదు, యంత్రం ఆ తర్కాన్ని అమలుచేసే తీరులో ఉంది. ఆబ్జెక్ట్ పుట్టడమంటే మెమరీలో చోటు కేటాయించడం, ఆ చోటులో తొలి విలువలు అమర్చడం, ఆ చోటు చిరునామాను అందరికీ కనిపించే వేరియబుల్‌లో రాయడం అనే మూడు అడుగులు. ఒకే థ్రెడ్ దృష్టితో చూస్తే చివరి రెండు అడుగుల క్రమం మారినా ఫలితం మారదు కాబట్టి, వేగం కోసం కంపైలర్‌కైనా ప్రాసెసర్‌కైనా వాటిని మార్చుకునే స్వేచ్ఛ ఉంది. అలా మారితే చిరునామా ముందే కనిపిస్తుంది. రెండో థ్రెడ్ లాక్ జోలికి పోకుండానే దాన్ని చూసి, విలువలు ఇంకా అమరని ఆబ్జెక్ట్‌ను వాడటం మొదలుపెడుతుంది. జావాలో ఈ ప్యాటర్న్ పనిచేయదని బిల్ ప్యూ తదితరులు బహిరంగంగా ప్రకటించారు. 2004లో జావా 5తో వచ్చిన కొత్త మెమరీ మోడల్ వొలటైల్ అనే ప్రకటనకు కట్టుదిట్టమైన అర్థం ఇచ్చాకనే, ఆ ప్రకటన జతచేసిన రూపంలో, అది సక్రమమైంది. అదే ఏడాది సీ ప్లస్ ప్లస్‌లో ఇదే ప్రమాదాన్ని స్కాట్ మేయర్స్, ఆండ్రే అలెగ్జాండ్రెస్కూ కలిసి రాసిన వ్యాసం విడమరచింది. 2011లో సీ ప్లస్ ప్లస్ ప్రమాణం ఫంక్షన్ లోపలి స్టాటిక్ ఆబ్జెక్ట్ ఎన్ని థ్రెడ్‌లు ఒక్కసారి వచ్చినా ఒక్కసారే పుడుతుందని హామీ ఇవ్వడంతో అక్కడి చర్చ ముగిసింది. జావాలో ఏకైక ఆబ్జెక్ట్‌ను లోపలి హోల్డర్ క్లాస్‌లో ఉంచే పద్ధతి, సీ షార్ప్‌లో 2010 నుంచి ఉన్న లేజీ అనే రకం, రస్ట్‌లో 2023లో స్థిరపడిన వన్స్‌లాక్ అనే రకం, ఇవన్నీ అదే హామీని భాష లేదా లైబ్రరీ చేతుల్లో పెడతాయి. నేడు డబుల్ చెక్డ్ లాకింగ్‌ను చేత్తో రాయవలసిన అవసరం దాదాపు లేదు. అయినా ఉద్యోగ ఇంటర్వ్యూల్లో అభ్యర్థుల చేత దాన్నే రాయించడం విచారకరం.

కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్ చేసినంత మాత్రాన ఆబ్జెక్ట్ పుట్టే దారులన్నీ మూసుకుపోవు. జావాలో రిఫ్లెక్షన్, అంటే ప్రోగ్రామ్ తన నిర్మాణాన్ని తానే పరిశీలించి మార్చుకునే సౌకర్యం, ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్‌ను కూడా పిలవగలదు. ఆబ్జెక్ట్‌ను బైట్లుగా మార్చి దాచి తిరిగి తెరిచే సీరియలైజేషన్ కన్‌స్ట్రక్టర్‌తో పని లేకుండానే కొత్త ఆబ్జెక్ట్‌ను పుట్టిస్తుంది. దాన్ని ఆపాలంటే రీడ్ రిజాల్వ్ అనే మెథడ్ రాసి పాత ఆబ్జెక్ట్‌నే తిరిగి ఇప్పించాలి. నకలు తీసే క్లోన్ మరో దారి. వీటన్నింటినీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోవడం కన్నా ఒకే సభ్యం గల ఈనమ్‌గా రాయడం మేలని జాషువా బ్లోక్ ఎఫెక్టివ్ జావా రెండో కూర్పులో, 2008లో, సిఫారసు చేశాడు. ఈనమ్ అంటే ముందుగానే లెక్కగట్టిన విలువలు గల రకం. దాని ఆబ్జెక్టులను రిఫ్లెక్షన్‌తో పుట్టించబోతే జావా స్వయంగా నిరాకరిస్తుంది, సీరియలైజేషన్‌లో పేరు మాత్రమే నమోదవుతుంది, క్లోన్‌కు తావే లేదు. సంఖ్య మీద హద్దును భాషే కాపాడే అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి. పన్నెండు నెలలకు పన్నెండే ఆబ్జెక్టులు ఉండాలన్నా, దిక్కులకు నాలుగే ఉండాలన్నా ఇదే సాధనం పనికివస్తుంది. సింగిల్టన్ ఈనమ్‌లో ఒక ప్రత్యేక సందర్భంగా ఒదిగిపోతుంది.

పైథాన్ సంగతి వేరు. అక్కడ ప్రైవేట్ అనేది కట్టుబాటే తప్ప అడ్డుగోడ కాదు. ఆబ్జెక్ట్‌ను పుట్టించే న్యూ అనే ప్రత్యేక మెథడ్‌ను తిరగరాసి పాత ఆబ్జెక్ట్‌నే ఇప్పించవచ్చుగాని, అలా ఇచ్చిన ప్రతిసారీ తొలి విలువలు అమర్చే ఇనిట్ మెథడ్ మళ్లీ పనిచేసి, అప్పటిదాకా అందులో చేరిన విలువలను తుడిచివేయగలదు. ఆబ్జెక్ట్ ఒక్కటే ఉండనక్కరలేదు, స్థితి ఒక్కటైతే చాలునని భావించిన అలెక్స్ మార్టెల్లి, ఎన్ని ఆబ్జెక్టులు పుట్టినా అన్నీ తమ విలువలు ఉంచే ఒకే డిక్షనరీని పంచుకునే బోర్గ్ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆచరణలో పైథాన్ ప్రోగ్రామర్లు ఎక్కువగా మాడ్యూల్ స్థాయిలో ఒక ఆబ్జెక్ట్ పుట్టించి వాడుకుంటారు, అది చాలు. రూబీలో సింగిల్టన్ అనే సిద్ధమైన మాడ్యూల్ ఉంది. స్కాలా, కోట్లిన్ భాషలు ఆబ్జెక్ట్ అనే ప్రకటనతో క్లాస్‌నూ దాని ఏకైక ఆబ్జెక్ట్‌నూ కలిపే రాయనిస్తాయి.

గుర్తింపు కోసం పెట్టిన హద్దులోనూ, పొదుపు కోసం చేసిన పంపకంలోనూ పైకి కనిపించేది ఒకటే: ఒక విలువకు ఒకే ఆబ్జెక్ట్. వాటిని ఒకటిగా భావిస్తే మాత్రం చిక్కు తప్పదు. జావా మైనస్ 128 నుంచి 127 వరకు గల పూర్ణాంకాలకు ఇంటీజర్ ఆబ్జెక్టులను ముందే దాచి పెట్టి పంచుతుంది; కాబట్టి విలువ 127 గల రెండు ఇంటీజర్‌లను గుర్తింపు పోల్చే ఆపరేటర్‌తో పోలిస్తే సమానమని, 128 గల రెండింటిని పోలిస్తే సాధారణంగా అసమానమని జవాబు వస్తుంది. పైథాన్ ప్రామాణిక అమలు మైనస్ 5 నుంచి 256 వరకు ఇలాగే చేస్తుంది. పొదుపు కోసం చేసే పంపకం ఎప్పుడైనా మారవచ్చు గనుక దాని మీద ప్రోగ్రామ్ అర్థాన్ని ఆధారపరచకూడదు. ఈనమ్‌లోని హద్దు అర్థంలో భాగం, దాని మీద ఆధారపడవచ్చు.

ఈ సాధనాలు ఒక్కొక్కటిగా సమకూరుతున్న కాలంలోనే సింగిల్టన్ మీద అసలైన విమర్శ బలపడింది, ఆ విమర్శ లక్ష్యం దారులు మూయడంలోని లోపాలు కాదు. 2008లో గూగుల్‌లో పనిచేస్తున్న మిష్కో హెవెరీ తన వ్యాసాల్లో సింగిల్టన్‌లు క్లాస్‌ల మధ్య సంబంధాలను దాచిపెడతాయని వాదించాడు. ఒక బిల్లింగ్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌కు ఖాతాదారు పేరు ఒక్కటే ఇస్తే చాలునన్నట్టు కనిపించినా, లోపల అది డేటాబేస్ సింగిల్టన్‌నూ ఈమెయిల్ సింగిల్టన్‌నూ పిలుస్తూ ఉండవచ్చు. ఆ క్లాస్‌ను పరీక్షించబోయినవారికి డేటాబేస్ లేక టెస్ట్ విఫలమైనప్పుడే ఆ సంగతి తెలుస్తుంది. ఒక టెస్ట్ ఏకైక ఆబ్జెక్ట్‌లో వదిలిన విలువ తరువాతి టెస్ట్‌కు అంటుకోవడం వల్ల, విడిగా నడిపితే నెగ్గే టెస్టులు కలిపి నడిపితే ఓడిపోతాయి. 2009లో ఎరిక్ గామా స్వయంగా ఒక ఇంటర్వ్యూలో ఆ గ్రంథాన్ని మళ్లీ రాస్తే సింగిల్టన్‌ను తొలగించడానికే మొగ్గుతానని చెప్పాడు. ప్యాటర్న్‌ను ప్రతిపాదించినవారిలో ఒకరే ఈ మాట అనడం నిజాయితీకి గుర్తు.

ఈ విమర్శను కాస్త విడదీసి చూడాలి. సింగిల్టన్‌లో రెండు నిర్ణయాలు కలిసిపోయి ఉన్నాయి: ఆబ్జెక్ట్ ఒకటే ఉండాలన్నది మొదటిది, దాన్ని ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచైనా అందుకోవచ్చునన్నది రెండోది. హెవెరీ చూపిన కష్టాలన్నీ ప్రధానంగా రెండోదాని ఫలితాలు. మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేయడం సాధ్యమేనని డిపెండెన్సీ ఇంజెక్షన్ నిరూపించింది. అంటే ఒక క్లాస్‌కు కావలసిన ఆబ్జెక్టులను అది వెతుక్కోకుండా, ప్రోగ్రామ్‌ను కూర్చే భాగమే వాటిని పుట్టించి కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించడం. 2004లో మొదటి కూర్పు విడుదలైన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే ప్రతి ఆబ్జెక్ట్ సింగిల్టనే. కాని అక్కడ క్లాస్‌కు తాను ఏకైకమన్న సంగతే తెలియదు. ఆబ్జెక్టులను పుట్టించి ఉంచే ఒక కంటెయినర్‌లో ఒక నిర్వచనానికి ఒక ఆబ్జెక్ట్ అన్నదే అక్కడి హామీ. అదే క్లాస్‌కు రెండు నిర్వచనాలు రాస్తే రెండు ఆబ్జెక్టులు పుడతాయి, టెస్ట్‌లో కావలసినన్ని పుట్టించుకోవచ్చు. లెక్క ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఇప్పటివరకు రాలేదు. ఎన్ని కావాలో తెలిసేది ప్రోగ్రామ్ మొత్తాన్ని చూడగల చోటు నుంచే. క్లాస్ లోపలి నుంచి అది కనిపించదు.

ఒకటికి మించిన హద్దుల్లో నిత్యం అవసరపడేది పూల్. ముందుగా కొన్ని ఆబ్జెక్టులు పుట్టించి, అడిగినవారికి అరువిచ్చి, పని పూర్తయ్యాక వెనక్కి తీసుకునే ఏర్పాటు ఇది. హద్దు నిండినప్పుడు ఏం చేయాలన్నది ఇక్కడ కీలకమైన నిర్ణయం: మేయర్స్ కౌంటెడ్ క్లాస్ ఎక్సెప్షన్ విసురుతుంది, పూల్ కొంతసేపు వేచి ఉండనిచ్చి, గడువు దాటితే విసురుతుంది. వేచి ఉంచడానికి అడుగున ఉండే సాధనం కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960లలో ప్రతిపాదించిన సెమాఫోర్, అంటే అందుబాటులో ఉన్న వాటి సంఖ్యను పట్టుకుని, అది సున్నా అయితే వచ్చినవారిని ఆపే లెక్కగుర్తు. ఒక్కో పేరుకు ఒక్కో ఆబ్జెక్ట్ ఇచ్చే మల్టీటన్ కూడా ప్రచారంలో ఉందిగాని, పేర్ల సంఖ్యకు హద్దు లేకపోతే ఆబ్జెక్టుల సంఖ్యకూ హద్దు లేనట్టే. అలాంటి చోట మెమరీ నెమ్మదిగా నిండిపోతుంది.

మూడో ప్రశ్న అయిన పరిధిని రచయితలు చాలాకాలం పట్టించుకోలేదు. జావాలో ఒకే క్లాస్‌ను రెండు క్లాస్‌లోడర్‌లు మెమరీలోకి తెస్తే రెండు సింగిల్టన్‌లు ఉంటాయి. ప్రోగ్రామ్ రెండు ప్రాసెస్‌లుగా నడిస్తే ప్రాసెస్‌కు ఒకటి. క్లౌడ్‌లో ఒకే సేవను అనేక కాపీలుగా నడపడం మామూలైన నేడు ఈ ఉపేక్షకు తగిన మూల్యం చెల్లించవలసి వస్తోంది. హికారీసీపీ అనే జావా కనెక్షన్ పూల్‌కు ప్రత్యేకంగా మార్చకపోతే ఉండే హద్దు 10. పోస్ట్‌గ్రేఎస్‌క్యూఎల్ డేటాబేస్ అంగీకరించే కనెక్షన్లకు అలా మార్చకపోతే ఉండే హద్దు సాధారణంగా 100. ఒక్కో కాపీలో పూల్ హద్దు చక్కగా పాటించినా, సేవ ఇరవై కాపీలకు పెరిగిన రోజున 200 కనెక్షన్లు కోరుతుంది, సగం తిరస్కరణకు గురవుతాయి. క్లాస్‌లో రాసిన హద్దు తప్పు కాదు, అది వర్తించే పరిధి తప్పు.

యంత్రాలన్నింటిలో కలిపి ఒకటే ఉండాలంటే లెక్క యంత్రాల బయట పెట్టాలి. గూగుల్‌లో మైక్ బరోస్ 2006లో వివరించిన చబీ లాక్ సేవ, ఆ తరువాత ప్రచారంలోకి వచ్చిన అపాచీ జూకీపర్ ఆ పని చేస్తాయి. లాక్ పట్టుకున్న యంత్రం కూలిపోతే అది ఎప్పటికీ విడుదల కాదు కాబట్టి గడువుతో కూడిన లీజ్ ఇస్తారు. అయితే లీజ్ పొందిన ప్రోగ్రామ్ గార్బేజ్ కలెక్షన్ కోసం కాసేపు స్తంభించి, గడువు ముగిసిందని గ్రహించకుండా మేల్కొని పని కొనసాగిస్తే, ఆ కొద్దిసేపు ‘ఏకైక’ ఆబ్జెక్టులు రెండుంటాయి. దీనికి విరుగుడుగా ప్రతి లీజ్‌కూ పెరిగే సంఖ్య ఒకటి జతచేసి, పాత సంఖ్యతో వచ్చిన పనిని నిల్వ వ్యవస్థ తిరస్కరించేలా చేస్తారు. అంటే పరిధి పెరిగేకొద్దీ రెండోది పుట్టకుండా ఆపడం అసాధ్యమవుతుంది, రెండోది చేసిన పని చెల్లకుండా చేయడమే మార్గమవుతుంది. ఒక ప్రాసెస్‌లోని సింగిల్టన్ నుంచి నేర్చుకున్న అలవాట్లు ఇక్కడ అక్కరకు రావు.

చిన్న చిప్‌ల ప్రపంచంలో మాత్రం పరిధి స్పష్టంగా ఉంటుంది, అక్కడ రస్ట్ భాష మంచి దారి చూపింది. మైక్రోకంట్రోలర్‌లోని టైమర్లు, పిన్‌లు మొదలైనవన్నీ పెరిఫెరల్స్ అనే ఒకే ఆబ్జెక్ట్‌గా ఉంటాయి. టేక్ అనే ఫంక్షన్‌ను మొదటిసారి పిలిస్తే ఆ ఆబ్జెక్ట్ దక్కుతుంది, రెండోసారి పిలిస్తే ‘లేదు’ అనే జవాబు వస్తుంది. దక్కించుకున్నవారు దాన్ని ఇతరులకు ఇచ్చేస్తే తమ దగ్గర ఇక ఉండదని కంపైలరే కాపలా కాస్తుంది. ఒక్కటే ఉంటుంది, కాని ఎక్కడి నుంచైనా అందదు: సింగిల్టన్‌లో కలగాపులగమైన రెండు నిర్ణయాలను ఇది భాషాస్థాయిలో విడదీసింది. కోడ్ రాయకముందే హద్దును ప్రకటించే సౌకర్యమూ ఉంది. సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని బొమ్మల్లో చూపే యూఎంఎల్ చిత్రంలో క్లాస్ పెట్టెకు కుడివైపు పైమూలన ఆబ్జెక్టుల సంఖ్య రాయవచ్చు; డేనియల్ జాక్సన్ రూపొందించిన అల్లాయ్ భాషలో ‘వన్’ అంటే కచ్చితంగా ఒకటి, ‘లోన్’ అంటే ఒకటికి మించదు అని ప్రకటించి, డిజైన్‌లోని తక్కిన నియమాలతో అది పొసగుతుందో లేదో యంత్రం చేత పరీక్షింపజేయవచ్చు. వీటిని వాడేవారు తక్కువ.

ఈ చర్చ మొత్తం ఒక తీర్పుకు దారితీస్తుంది. విలువ అర్థమే హద్దును కోరినప్పుడు ఈనమ్ వంటి భాషాసాధనంతో క్లాస్‌లోనే హద్దు పెట్టడం సబబు. వనరును కాపాడటానికే హద్దు అవసరమైతే దాన్ని క్లాస్‌లో రాయకూడదు. ప్రోగ్రామ్‌ను కూర్చే భాగానికో, పూల్‌కో, ప్రాసెస్‌లు దాటినప్పుడు బయటి లాక్ సేవకో అప్పగించాలి. ఎక్కడి నుంచైనా అందుకోవచ్చన్న సౌలభ్యం కోసమే సింగిల్టన్ రాయడం సమర్థనీయం కాదు. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో డిజైన్ ప్యాటర్న్‌లు బోధించే అధ్యాపకులు సింగిల్టన్ కోడ్ రాయించడంతో ఆగకుండా, అదే ప్రోగ్రామ్‌ను రెండు ప్రాసెస్‌లుగా నడిపి ఎన్ని ఆబ్జెక్టులు ఉన్నాయో విద్యార్థుల చేత లెక్కపెట్టించాలి. హద్దు రాసిన ప్రతి క్లాస్ పైనా ఆ హద్దు ఏ పరిధికి వర్తిస్తుందో ఒక వాక్యం రాయించడం ఈ సెమిస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు.